తెలుగు తొలిసారి అచ్చయిన ఊరు, దాని చుట్టుపక్కల ఊళ్లు

జర్మనీ మ్యాపులో బెర్లిన్‌కి నైరుతిగా సాక్సనీ-అన్‌హాల్ట్ అనే రాష్ట్రం ఉంటుంది. జనాభా ఇరవై లక్షలకు కాస్త పైన. 1990 దాకా తూర్పు జర్మనీలో భాగం. బెర్లిన్ నుంచి మ్యూనిక్ వెళ్లే ఫాస్ట్ రైళ్లు దీని మీదుగానే పోతాయి. టూరిస్టులు కిటికీలోంచి గాలిమరలు చూస్తూ దాటిపోతారు. ‘పది రోజుల్లో ఏడు దేశాలు’ లాంటి ప్యాకేజీల్లో ఈ రాష్ట్రం పేరు ఎక్కడా కనపడదు. నేను మాత్రం యూరప్ అంటూ వెళ్తే ముందు ఇక్కడికే వెళ్లాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. విజయవాడలో ఏళ్ల తరబడి ప్రూఫులు దిద్దినదాన్ని. తెలుగు అక్షరం మొదటిసారి అచ్చుయంత్రం ఎక్కింది మద్రాసులో కాదు, ఈ రాష్ట్రంలోని హాలే ఊళ్లో అని చదివినప్పటి నుంచి ఆ ఊరు చూడాలన్న కోరిక అలాగే ఉండిపోయింది.

మా అన్నయ్య కూతురు మాగ్డెబుర్గ్‌లో ఎమ్మెస్ చదువుతోంది. అక్కడ తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. సెలవు దొరికితే అందరూ ప్రాగ్ అనో ఆమ్‌స్టర్‌డామ్ అనో పరిగెడతారు, గంట దూరంలో ఉన్న ఊళ్లు మాత్రం చూడరు. ‘‘నువ్వు చెప్పే ఊళ్లు నేనూ చూళ్లేదత్తా, పద’’ అంది. ఇద్దరం నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకున్నాం. 2025లో దాని ధర 58 యూరోలు. ఫాస్ట్ రైళ్లకు చెల్లదు గానీ లోకల్ రైళ్లు, ట్రాములు, బస్సులు ఎన్నయినా ఎక్కొచ్చు. ఈ ఊళ్లకి లోకల్ రైళ్లే సరిపోతాయి. సెప్టెంబర్ చివర్లో బయల్దేరాం.

మొదటి రోజు: హాలే, ఫ్రాంకె అనాథాశ్రమం

హాలేలో ఫ్రాంకెప్లాట్స్ దగ్గర ట్రామ్ దిగగానే తూర్పు జర్మనీ కాలంలో కట్టిన ఫ్లైఓవర్ ఒకటి అడ్డంగా కనిపిస్తుంది. దాని వెనకే ఒక పెద్ద భవనం. నెత్తిన త్రికోణంలో సూర్యుడి వైపు ఎగురుతున్న రెండు డేగలు. అదే ఫ్రాంకె సంస్థల ముఖద్వారం.

ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె ఇక్కడి పాస్టర్. 1695లో ఆయన పేదల కోసం పెట్టిన దానాల పెట్టెలో 4 థాలర్ల 16 గ్రోషెన్లు (అప్పటి నాణేలు) పడ్డాయి. ఆ డబ్బుతో బీద పిల్లలకి బడి మొదలుపెట్టాడు. 1698లో ఈ అనాథాశ్రమ భవనానికి పునాది వేశాడు. 1727లో ఆయన పోయేనాటికి ఇక్కడ రెండు వేలకు పైగా పిల్లలు చదువుతున్నారు. బడులతో పాటు మందుల తయారీ, పుస్తకాల షాపు, ప్రెస్సు అన్నీ ఈ ఆవరణలోనే ఉండేవి. లోపల కొయ్య దూలాల చట్రంతో కట్టిన ఒక ఇల్లు వంద మీటర్లకు పైగా సాగి ఉంటుంది. దాని ఈ కొస నుంచి ఆ కొసకు ఆగకుండా నడిచి చూశాం.

ప్రెస్సు సంగతి నాకు మరీ ముఖ్యం. 1710లో కాన్‌స్టైన్ అనే దాత పెట్టుబడితో ఇక్కడ చౌక బైబిళ్ల అచ్చు మొదలైంది. అప్పట్లో ఒక ఫారం (ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్ట) అచ్చయిపోగానే సీసం అక్షరాలు విప్పేసి, కేసుల్లో సర్ది, తర్వాతి ఫారానికి వాడుకునేవాళ్లు. వీళ్లు అలా విప్పలేదు. మొత్తం పుస్తకానికి సరిపడా టైపు పోయించి, కంపోజ్ చేసిన పేజీలు అలాగే కట్టిపెట్టి దాచారు. మళ్లీ అచ్చు కావాల్సొస్తే కంపోజింగ్ ఖర్చు లేదు, కొత్త తప్పులు రావు. లెటర్ ప్రెస్ రోజులు చూసిన వాళ్లకి ఇదెంత పెద్ద ఆలోచనో తెలుస్తుంది. ఒక పుస్తకానికని అంత సీసాన్ని కట్టిపడేయడానికి చాలా గుండె ధైర్యం కావాలి.

హాలేలో చదువుకున్న బార్తొలొమేయస్ సీగెన్‌బాల్గ్, తోడుగా హైన్రిష్ ప్లూచావ్, డెన్మార్క్ రాజు పంపగా 1706 జులై 9న తమిళ తీరంలోని తరంగంబాడిలో దిగారు. తమిళంలో వాళ్లు చేసిన పని గురించి తమిళులు బాగానే రాసుకున్నారు. మనకు సంబంధించిన మనిషి వాళ్ల తర్వాత వచ్చిన బెంజమిన్ షుల్ట్‌సే. 1719లో తరంగంబాడి వచ్చాడు, సీగెన్‌బాల్గ్ సగంలో వదిలిన తమిళ బైబిల్ అనువాదం పూర్తిచేశాడు, తర్వాత మద్రాసు చేరాడు. మద్రాసులో తెలుగు వినపడని వీధి లేని కాలం అది. తెలుగు నేర్చుకుని లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. 1743లో హాలే తిరిగొచ్చి, తెలుగు టైపు పోయించి, 1746, 1747 సంవత్సరాల్లో చిన్న చిన్న మత పుస్తకాలు తెలుగు లిపిలో అచ్చువేయించాడు. సి.పి. బ్రౌన్ పుట్టడానికి ఇంకా 52 ఏళ్లు ఉంది.

ఆ ఆవరణలో నిలబడి నేను ఆలోచించింది ఆ పుస్తకాల్లోని మతం గురించి కాదు, ఆ టైపు గురించి. అక్షరాలు, గుణింతాలు, కింద తగిలే ఒత్తులు, పక్కన నిలబడే ఒత్తులు, వీటన్నిటికీ అచ్చులు చెక్కాలి, సీసం పోయాలి, కేసులో గళ్లు కేటాయించాలి. తలకట్టు తప్పితే అక్షరమే మారిపోతుంది. తెలుగు మాట వినపడని ఊళ్లో, షుల్ట్‌సే ఒక్కడి చేతిరాతను నమ్ముకుని ఈ పనంతా జరిగింది. తెలుగు అచ్చు చరిత్ర రాసేటప్పుడు మనం బెంగాల్‌లోని సీరాంపూర్ గురించి, మద్రాసు గురించి పేజీలకు పేజీలు రాసి హాలేని ఒక్క వాక్యంలో తేల్చేస్తాం. ఇక్కడికొచ్చాక నాకది అన్యాయం అనిపించింది.

ఆశ్రమం అటక మీద, ఒకప్పుడు అనాథ పిల్లలు పడుకున్న గదిలో, ‘వుండర్‌కామర్’ ఉంది. వింత వస్తువుల గది. పిల్లలు పుస్తకాలతో సరిపెట్టుకోకుండా కళ్లతో చూసి నేర్చుకోవాలని ఫ్రాంకె మొదలుపెట్టిన సేకరణ ఇది. దాదాపు మూడు వేల వస్తువులు, 18వ శతాబ్దంలో రంగులేసిన అవే బీరువాల్లో, అదే వరసలో ఉన్నాయి. పైన కప్పు నుంచి ఒక మొసలి వేలాడుతుంటుంది. గది మధ్యలో రెండు పెద్ద కొయ్య నమూనాలు: ఒకదాంట్లో భూమి చుట్టూ సూర్యుడు, రెండోదాంట్లో సూర్యుడి చుట్టూ భూమి. రెండూ పక్కపక్కనే పెట్టి పిల్లల్నే చూసుకోమన్నారు. లిపుల బీరువా దగ్గర మా అమ్మాయి ఆగి ‘‘అత్తా, తాటాకు!’’ అంది. అవును, తాళపత్రాలే. మన దగ్గర ఎన్ని చెదలకూ ఏటి వరదలకూ పోయాయో తలుచుకుంటే, మూడు శతాబ్దాలుగా ఈ అటక మీద అంటిపెట్టుకుని చూసుకున్న వాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది.

పక్కనే 1728లో పూర్తయిన గ్రంథాలయం. పుస్తకాల అరలు గోడలకి ఆనించి కాకుండా, నాటకంలో రెక్కల తెరల్లాగా హాలు మధ్యకి వరసలుగా నిలబడి ఉంటాయి. లోపలికి వెళ్లనివ్వరు, గుమ్మం దగ్గర నుంచే చూడాలి. ఆ గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాం.

రెండో రోజు: హాలే, కృత్తికలు

పొద్దున్నే మార్కెట్ కూడలి. చర్చివి నాలుగు గోపురాలు, విడిగా నిలబడ్డ ఎర్ర గోపురం ఒకటి, వెరసి అయిదు. ఎర్ర గోపురంలో 76 గంటలున్నాయి, యూరప్‌లో ఇంతకన్నా పెద్ద గంటల వాద్యం లేదంటారు. చర్చిలో ప్రొటెస్టంట్ ఉద్యమం మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ చనిపోయాక ముఖం మీంచి తీసిన మైనపు ముసుగు దాచారు. సంగీతకారుడు హాండెల్ 1685లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఆయన చిన్నప్పుడు నేర్చుకున్న 1664 నాటి చిన్న ఆర్గన్, అంటే గాలితో మోగే పైపుల వాద్యం, ఇప్పటికీ ఈ చర్చిలో మోగుతోంది. పుట్టిన ఇల్లు మ్యూజియం అయ్యింది. అది మేం త్వరగానే ముగించాం, ఎందుకంటే మనసంతా మధ్యాహ్నం మీదే ఉంది.

రాష్ట్ర పురాతత్వ మ్యూజియంలో నెబ్రా ఆకాశ ఫలకం ఉంది. చీకటి గదిలో, అద్దాల పెట్టెలో, ఆకుపచ్చకి తిరిగిన కంచు పళ్లెం. అడ్డం సుమారు 30 సెంటీమీటర్లు. దాని మీద బంగారు రేకులతో ఒక నిండు గుండ్రం, ఒక నెలవంక, చిన్న చిన్న చుక్కలు. ఆ చుక్కల్లో ఏడు మాత్రం ఒకచోట గుమిగూడి ఉంటాయి. అవి కృత్తికలు. సుమారు 3,600 ఏళ్ల కింద మట్టిలో పాతిపెట్టిన వస్తువు మీద కృత్తికల్ని గుర్తుపట్టడానికి మాకు బోర్డు చదవాల్సిన పని పడలేదు.

దీని కథ కూడా మామూలుది కాదు. 1999లో నెబ్రా ఊరి దగ్గర కొండ మీద మెటల్ డిటెక్టర్లతో దొంగతనంగా తవ్వేవాళ్లకి దొరికింది. వాళ్ల పనిముట్టు తగిలి అంచు నొక్కుకుపోయింది, ఆ దెబ్బ ఇప్పటికీ కనిపిస్తుంది. చేతులు మారి మారి 2002లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో బేరానికి వచ్చింది. రాష్ట్ర పురావస్తు అధికారి హరాల్డ్ మెల్లర్ కొనేవాడిలా వెళ్లాడు, పోలీసులు వలపన్ని పట్టుకున్నారు. రాగి ఆస్ట్రియా ఆల్ప్స్ కొండలది, బంగారం ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌ది అని పరీక్షల్లో తేలింది. అంటే అంత పాత కాలంలోనే ఈ ఊళ్లకి అంత దూరాల నుంచి లోహం వచ్చేది.

పళ్లెం అంచున బంగారు వంపు ఒకటి ఉంది, ఎదురుగా ఉండాల్సిన రెండోది ఊడిపోయింది. ఈ అక్షాంశంలో ఏడాది పొడుగునా సూర్యుడు ఉదయించే చోటు ఎంత మేర జరుగుతుందో ఆ వంపు చూపిస్తుంది. ఇక నెలవంక సంగతి. వసంతంలో కృత్తికల పక్కన చంద్రుడు సన్నటి రేఖలా కాకుండా ఇలా కాస్త లావెక్కి కనిపిస్తే ఆ ఏడు అదనంగా ఒక నెల కలుపుకోవాలి, దానికి గుర్తుగానే ఈ ఫలకం చేశారు అని పరిశోధకుల్లో ఒక వాదన ఉంది. మనకది అధిక మాసం. చాంద్రమానాన్ని రుతువులతో కలిపి నడిపించే తిప్పలు గోదావరి ఒడ్డున పంచాంగం గుణించే వాళ్లకీ, ఇక్కడి కంచుయుగం మనుషులకీ ఒకటే. మా అమ్మాయి ఫోన్‌లో క్యాలెండర్ తీసి మనకు మళ్లీ అధిక మాసం ఎప్పుడా అని వెతికింది. 2026లో, అధిక జ్యేష్ఠం.

సాయంత్రం చాక్లెట్లు కొన్నాం. 1804లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న, జర్మనీలోకెల్లా పాత చాక్లెట్ ఫ్యాక్టరీ ఈ ఊరిదే. వీటి గుండ్రటి ఆకారం ఉప్పు బట్టీల పనివాళ్ల కోటు గుండీలది. హాలే ఊరు పుట్టిందే ఉప్పు బుగ్గల మీద. ఆ పనివాళ్ల సంఘం ఇప్పటికీ ఉంది, పండగ రోజుల్లో వెండి గుండీల కోట్లు వేసుకుంటారు.

మూడో రోజు: నౌంబుర్గ్

హాలే నుంచి లోకల్ రైల్లో ముప్పావుగంట. సాలె నది వెంట ద్రాక్ష తోటలు మొదలవుతాయి. స్టేషన్ బయట పాత తూర్పు జర్మనీ ట్రామ్ ఒకటి మా కోసమే అన్నట్టు నిలబడి ఉంది. ఒక్క పెట్టె. ఊళ్లో ఉన్నదల్లా ఆ ఒక్క లైనే. జనం దాన్ని ‘వైల్డ్ సికె’, అంటే అల్లరి మేక, అని ముద్దుగా పిలుచుకుంటారు.

ఇక్కడి కెథడ్రల్ పడమటి భాగంలో పన్నెండు రాతి మనుషులున్నారు. 13వ శతాబ్దం మధ్యలో చెక్కారు. శిల్పి పేరు ఎక్కడా రాసి లేదు కాబట్టి ‘నౌంబుర్గ్ మాస్టర్’ అనే అంటారు. చర్చిలో ఆ చోట మామూలుగా నిలబడేది పునీతులు, దేవదూతలు. ఇక్కడ నిలబడింది ఈ చర్చికి దానాలిచ్చిన, సంసారులైన ప్రభువుల కుటుంబాల వాళ్లు: ఎనిమిది మంది మగవాళ్లు, నలుగురు ఆడవాళ్లు. వాళ్లు పోయిన రెండు వందల ఏళ్లకి చెక్కిన బొమ్మలివి. అంటే శిల్పి వాళ్లనెవర్నీ చూసి ఉండడు.

అయినా ఊటాని చూడండి. చలేసినట్టు పైబట్ట కాలర్‌ని కుడిచేత్తో లోపల్నుంచి చెంపకానించి పట్టుకుంది. బట్ట కింద చెయ్యి ఉన్న ఎత్తు రాతిలో తెలుస్తుంది. ఎడమచేత్తో జారిపోతున్న మడతల్ని కుప్పగా పోగుచేసుకుంది, వేళ్ల సందుల్లోంచి బట్ట నొక్కుకుని వస్తోంది. పక్కన మొగుడు ఎకెహార్డ్ కత్తి, డాలు పట్టుకుని బరువుగా నిలబడ్డాడు. ఆవిడ ఆయన్ని చూడదు, మనల్నీ చూడదు. ఎదురువైపు పోలండ్ రాజకుమారి రెగ్లిండిస్ మాత్రం నోరారా నవ్వుతుంటుంది. పెదాల మీద, బట్టల అంచుల మీద పాత రంగులు మిగిలే ఉన్నాయి. ఒక్కొక్కరి ముందూ నిలబడి మొహాలు చదువుకుంటూ మధ్యాహ్నం భోజనం సంగతే మర్చిపోయాం. లేపాక్షిలో, రామప్పలో రాతి నగల సన్నదనం చూసి ఆశ్చర్యపోయినదాన్ని. ఇక్కడ ఆశ్చర్యం నగల్లో లేదు, మనిషి మనసులో ఆ క్షణాన ఏముందో రాయి మీద కనపడటంలో ఉంది. నాజీలు ఈ ఊటానే ‘అసలైన జర్మన్ స్త్రీ’ అని ఊరేగించారు. ఆ మొహంలోని ఒంటరితనం వాళ్లకెలా కనపడలేదో. 2018లో యునెస్కో ఈ కెథడ్రల్‌ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయినా ఆ మధ్యాహ్నం లోపల పది పన్నెండు మంది కూడా లేరు.

సెయింట్ వెన్‌సెల్ చర్చి ఊరి మధ్యలో ఉంది. అందులోని ఆర్గన్‌ని సాఖరియాస్ హిల్డెబ్రాంట్ 1743 నుంచి 1746 దాకా కట్టాడు. పని సరిగ్గా జరిగిందో లేదో పరీక్షించి చెప్పమని ఊరివాళ్లు ఇద్దర్ని పిలిపించారు: ప్రసిద్ధ సంగీతకారుడు యొహాన్ సెబాస్టియన్ బాఖ్, ఆర్గన్లు కట్టడంలో దిట్ట గాట్‌ఫ్రీడ్ సిల్బర్‌మాన్. 1746 సెప్టెంబర్‌లో ఇద్దరూ వచ్చి ప్రతి పైపూ విని చూశారు. ఆ ఏడే ఇక్కడికి యాభై కిలోమీటర్ల లోపు హాలేలో తెలుగు టైపు అచ్చుకెక్కింది. ఈ రెండు సంగతులూ ఒకే పుస్తకంలో ఎవరూ రాయరు. సంగీతం వాళ్లు ఒకటి రాస్తారు, అచ్చు చరిత్ర వాళ్లు రెండోది రాస్తారు. రైల్లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్తేనే అవి పక్కపక్కన కూర్చుంటాయి.

రాత్రికి ఉల్లిపాయల కేకు తిన్నాం. కొత్త ద్రాక్షరసం పులిసే ఈ రోజుల్లోనే ఇళ్లల్లోనూ హోటళ్లలోనూ చేస్తారు. ఉప్పగా, మెత్తగా, వేడివేడిగా ఉంటుంది. కొనేముందు అడగండి, చాలాచోట్ల పంది మాంసం ముక్కలు వేస్తారు.

నాలుగో రోజు: ఐస్‌లేబెన్ మీదుగా

ఐస్‌లేబెన్‌లో సగం రోజే ఉన్నాం. లూథర్ 1483లో పుట్టిందీ 1546లో పోయిందీ ఈ ఊళ్లోనే. పుట్టిన ఇల్లు 1689లో కాలిపోతే, 1693 కల్లా ఊరివాళ్లు మళ్లీ కట్టి చూడొచ్చే వాళ్ల కోసం తెరిచారు. పోయిన ఇల్లని చూపించే మ్యూజియం మాత్రం అసలు ఇల్లు కాదు, చరిత్రకారులు అది వేరేచోట అని తేల్చారు. మ్యూజియం వాళ్లే ఆ మాట దాచకుండా చెబుతారు. నాకు ఎక్కువ గుర్తుండిపోయింది రైలు కిటికీలోంచి కనిపించిన నల్లటి గుట్టలు. చదునైన పొలాల మధ్య పిరమిడ్లలా లేస్తాయి. వందల ఏళ్లు రాగి తవ్విపోసిన రాతి పొట్టు అది. లూథర్ వాళ్ల నాన్న కూడా ఈ రాగి వ్యాపారమే చేశాడు. ఈ ప్రాంతపు గనుల్లో చివరివి 1990లో మూతపడ్డాయి. అప్పటి నుంచి కుర్రాళ్లు పనుల కోసం పడమటికి పోతూనే ఉన్నారు. మూతపడ్డ షాపులు, ఖాళీ ఇళ్లు ప్రతి వీధిలో ఉన్నాయి. ఈ రాష్ట్రం గురించి రాస్తూ ఆ సంగతి వదిలేస్తే అబద్ధం రాసినట్టే.

అయిదో రోజు: క్వెడ్లిన్‌బుర్గ్

ఈ ఊళ్లో రెండు వేలకు పైగా కొయ్య చట్రం ఇళ్లున్నాయి. ఒక్కటి చూపిస్తే చాలు, మిగతావన్నీ అర్థమవుతాయి. వర్ట్‌గాసె వీధిలో మూడో నంబరు ఇల్లు 14వ శతాబ్దానిది, ఇప్పుడు మ్యూజియం. నేల నుంచి కప్పు దాకా ఒకే మాను నిలువుగా లేస్తుంది. అడ్డ దూలాల కొసలు నిలువు దూలాల్లోంచి బయటికి పొడుచుకొచ్చి, మేకు లేకుండా కొయ్య చీలతోనే బిగిసి ఉంటాయి. చట్రం మధ్యలో పుల్లల అల్లిక, దాని మీద గడ్డి కలిపిన మట్టి. కోనసీమలో తడికె మీద మట్టి మెత్తిన గోడ ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే. మనవి ఓ పాతికేళ్లు నిలిస్తే గొప్ప, ఇది ఆరువందల ఏళ్లు దాటింది. పగుళ్లలో గడ్డి పరకలు కూడా కనిపిస్తున్నాయి. 1960ల్లో ఈ పాత ఊరిని చాలావరకు కూలగొట్టి కాంక్రీటు కూడలి కట్టాలని ప్రభుత్వం ప్లాన్లు గీసింది. డబ్బు లేక ఆగిపోయింది. 1994లో యునెస్కో గుర్తింపు వచ్చింది. 994లో ఈ ఊరికి సంత పెట్టుకునే హక్కు ఇచ్చారు, దానికి సరిగ్గా వెయ్యేళ్లు నిండిన ఏడు అది.

కానీ నేను ఈ ఊరికి వచ్చింది ఆడవాళ్ల కోసం. 936లో జర్మనీ రాజు హైన్రిష్ చనిపోతే కొండ మీద పూడ్చారు. ఆయన భార్య మటిల్డ అక్కడే స్త్రీల మఠం ఒకటి పెట్టించింది. అప్పటి నుంచి 19వ శతాబ్దం మొదట్లో మఠం రద్దయ్యేదాకా, ఎనిమిది వందల అరవై ఏళ్లకు పైగా, కొండ మీది మఠాధిపతిగా ఎప్పుడూ ఒక స్త్రీయే ఉంది. మొదటి మఠాధిపతి ఆ రాణి మనవరాలు, పేరు కూడా మటిల్డే. చక్రవర్తి మూడో ఒట్టో ఇటలీ వెళ్తూ జర్మనీ పాలన ఈవిడకి అప్పగించాడు, ఆవిడ మేనత్త కాబట్టి. ‘‘చూశావా, మేనత్తంటే ఏంటో’’ అన్నాను. మా అమ్మాయి దణ్ణం పెట్టింది.

కొండ మీది చర్చి ఖజానాలో ఆగ్నెస్ అనే మఠాధిపతి కాలంలో, సుమారు 1200లో, ఇక్కడి స్త్రీలే ముళ్లు వేసి నేసిన పెద్ద తివాచీ ముక్కలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో భద్రత కోసం గుహలో దాచిన ఖజానాలోంచి కొన్ని విలువైన వస్తువుల్ని ఒక అమెరికన్ లెఫ్టినెంట్ సైన్యం పోస్టులోనే టెక్సస్‌లో వాళ్లింటికి పంపేసుకున్నాడు. అందులో బంగారంతో రాసిన 9వ శతాబ్దపు సువార్త గ్రంథం కూడా ఉంది. ఆయన పోయాక వారసులు అమ్మబోతే బయటపడింది. 1993లో మళ్లీ ఈ కొండెక్కింది. అంతకుముందు, నాజీల కాలంలో, హిట్లర్ సాయుధ దళమైన ఎస్ఎస్ వాళ్లు చర్చిని లాక్కుని తమ పూజామందిరం చేసుకున్నారు, హైన్రిష్ ఎముకలు దొరికాయని కూడా ప్రకటించారు. అది బూటకమని యుద్ధం తర్వాత తేలింది. కింద గదిలో మటిల్డ సమాధి ఉంది, పక్కనున్న రాజు సమాధి ఖాళీ.

కొండ దిగితే డొరొతియా ఎర్క్స్‌లేబెన్ ఊరు. 1715లో ఇక్కడే పుట్టింది. డాక్టరైన తండ్రి కొడుకుతో పాటు కూతురికీ వైద్యం నేర్పాడు. యూనివర్సిటీలో పరీక్ష రాయనివ్వమని అప్పటి ప్రష్యా రాజ్యపు రాజు ఫ్రెడరిక్‌కి అర్జీ పెట్టుకుంటే అనుమతి వచ్చింది. ఆలోగా భార్య పోయిన పాస్టర్‌ని పెళ్లాడింది. ఆయనకి అప్పటికే అయిదుగురు పిల్లలు, తర్వాత ఈవిడకి నలుగురు. అందర్నీ పెంచుతూ రోగుల్ని చూసింది. ఊరి మగ డాక్టర్లు ఈవిడది నాటు వైద్యమని ఫిర్యాదు చేశారు. అప్పుడు హాలే వెళ్లి లాటిన్‌లో పరీక్ష నెగ్గి 1754 జూన్‌లో డాక్టర్ పట్టా పుచ్చుకుంది. జర్మనీలో ఆ పట్టా అందుకున్న మొదటి మహిళ. ప్రష్యా యూనివర్సిటీల తలుపులు మామూలు విద్యార్థినులకి తెరుచుకున్నది 1908లో. తొమ్మిదిమంది పిల్లల మధ్య ఆవిడ ఏ వేళప్పుడు చదువుకుందో ఊహించుకుంటూ ఆ వీధుల్లో తిరిగాను. షుల్ట్‌సే 1760లో హాలేలోనే పోయాడు. ఆవిడ పరీక్షకి వెళ్లిన రోజున ఆయన ఆ ఊళ్లోనే ఉన్నాడన్న మాట.

చీకటి పడేముందు మ్యున్‌సెన్‌బెర్గ్ గుట్ట ఎక్కాం. అక్కడ ఒకప్పుడు కన్యల మఠం ఉండేది. అది పాడుబడ్డాక ఊరవతలి బీదవాళ్లు, వీధుల్లో పాడుకునే వాళ్లు ఆ చర్చి గోడల్నే ఆసరా చేసుకుని చిన్న చిన్న ఇళ్లు కట్టుకున్నారు. అలా చర్చి ముక్కలు ఇళ్ల లోపలికి పోయాయి. ఒకళ్ల సెల్లార్‌లో స్తంభం, ఇంకొకళ్ల గోడలో కమాను. ఈ మధ్యనే కొన్ని సెల్లార్లని కలిపి మ్యూజియం చేశారు. ఇప్పటికీ పైన జనం కాపురముంటున్నారు, దండేల మీద బట్టలు ఆరుతున్నాయి.

ఆరో రోజు: హాల్బర్‌స్టాట్

1945 ఏప్రిల్ 8న, యూరప్‌లో యుద్ధం ముగియడానికి ఇంకో నెల ఉందనగా, బాంబులు పడి ఈ పాత ఊరు చాలావరకు నేలమట్టమైంది. క్వెడ్లిన్‌బుర్గ్ నుంచి రైల్లో పావుగంటే. పక్క పక్క ఊళ్లకి రెండు రాతలు. కెథడ్రల్‌ని నిలబెట్టుకున్నారు. దాని ఖజానాలో అబ్రహాం కథ నేసిన తెరచీర ఉంది. 12వ శతాబ్దపుది, పది మీటర్ల పొడవు. దాని ముందు నుంచి మా అమ్మాయిని కదిలించడం నావల్ల కాలేదు.

పాత యూదుల పేట మరో అరగంట తీసుకుంది. ఇక్కడి వ్యాపారి బెరెండ్ లేమాన్ 17వ శతాబ్దం చివర్లో సొంత డబ్బుతో యూదుల ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్ మొత్తం అచ్చువేయించి పంచిపెట్టాడు. ఆయన కాలంలోనే కట్టిన పెద్ద సినగాగ్‌ని (యూదుల ప్రార్థనా మందిరాన్ని) 1938లో నాజీలు కూలగొట్టించారు. ఆ స్థలాన్ని ఖాళీగానే ఉంచారు.

మధ్యాహ్నం బుర్హార్డి చర్చి. తూర్పు జర్మనీ కాలంలో ఇందులో పందుల్ని కట్టేసేవాళ్లు. ఇప్పుడు ఇక్కడ ఒక సంగీత రచన మోగుతోంది. అమెరికన్ సంగీతకారుడు జాన్ కేజ్ 1987లో ఆర్గన్ కోసం రాసిన ఆ రచనకి సూచన ఒకటే: వీలైనంత నెమ్మదిగా వాయించాలి. ఎంత నెమ్మదిగా అన్న ప్రశ్నకి ఈ ఊరు తన చరిత్రలోంచి జవాబు తీసింది. 1361లో ఇక్కడి కెథడ్రల్‌లో పెద్ద ఆర్గన్ పెట్టారు. అప్పటి నుంచి 2000 దాకా 639 ఏళ్లు. కాబట్టి వాయింపు కూడా 639 ఏళ్లు. 2001 సెప్టెంబర్ 5న మొదలైంది, 2640లో ముగుస్తుంది. రచన మొదట్లో విరామం ఉంది కాబట్టి మొదటి పదిహేడు నెలలు గాలి తిత్తుల చప్పుడే. మొదటి స్వరం 2003 ఫిబ్రవరిలో పలికింది.

తలుపు తోయకముందే వినపడుతుంది. లోపల కుర్చీల్లేవు, రంగుటద్దాల్లేవు, ఒట్టి రాళ్ల గోడలు. ఒక పక్కన చిన్న కొయ్య చట్రంలో కొన్ని పైపులు. మీటలు పైకి లేవకుండా ఇసుక సంచులు బరువు పెట్టారు. 2024 ఫిబ్రవరి 5న పట్టిన స్వరాలు అలాగే సాగుతున్నాయి. నడుస్తుంటే ధ్వని మారుతుంది. ఒక స్తంభం దగ్గర బొంగురుగా, నాలుగడుగులు వేస్తే సన్నగా. మన కచేరీల్లో వెనక తంబురా అలా మోగుతూనే ఉంటుంది, దాన్ని ప్రత్యేకంగా ఎప్పుడూ విన్నది లేదు. ఇక్కడ వినడానికి అదొక్కటే ఉంది. గోడల చుట్టూ ఇనుప పలకలు. డబ్బిచ్చినవాళ్లు ఒక్కో సంవత్సరాన్ని ఎంచుకుని, దాని మీద తమకి కావల్సిన మాట రాయించుకోవచ్చు. 2300ల్లోని సంవత్సరాలకీ, 2500ల్లోని సంవత్సరాలకీ పలకలున్నాయి. తాము వినని స్వరానికి డబ్బు కట్టారు. బాంబులు పడ్డ ఊరివాళ్లు ఆరువందల ఏళ్ల తర్వాతి రోజుకి ఏర్పాట్లు చేసుకుంటున్నారంటే నాకు వాళ్ల మీద చెప్పలేనంత గౌరవం కలిగింది.

స్వరం తర్వాత మారేది 2026 ఆగస్టు 5న. ఆ రోజు జనం బాగా వస్తారట. థీసిస్ ఇచ్చేశాక ఫ్రెండ్స్‌ని వెంటబెట్టుకుని వస్తానని మా అమ్మాయి చర్చి ముందే వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టింది. ‘‘మరి నేను?’’ అన్నాను. ‘‘నువ్వొస్తే టాంగర్‌మ్యుండె చూద్దాం అత్తా, ఎల్బె ఒడ్డున ఎర్ర ఇటుకల ఊరట, మాగ్డెబుర్గ్ నుంచి గంటే’’ అంది. రైలెక్కేలోపే కరెక్ట్‌గా ఏ రైలు ఎక్కడ మారాలో వెతికి నాకు చూపించింది.